కోవళం

కోవళం కేరళలో తిరువనంతపురం నగరానికి దక్షిణంగా సుమారు 16 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రపు ఒడ్డున ఉన్న పర్యాటక కేంద్రం. కొబ్బరితోటల నడుమ ఒదిగిన ఈ చేపలవాడ 1930లలో తిరువాన్కూరు రాజకుటుంబానికి విడిది అయింది. 1970ల నుంచి విదేశీయులకు, తర్వాత దేశీయ యాత్రికులకు పేరెన్నికగన్న బీచ్‌గా మారింది. ప్రధాన వృత్తిగా చేపల వేట ఇక్కడినుంచి తప్పుకున్నా, పక్కనే ఉన్న విళింజం రేవులో (చూ. విళింజం) నేటికీ ముమ్మరంగా సాగుతోంది. అందుచేత ఈ వ్యాసం రెండు ఊళ్ళనూ కలిపి చూస్తుంది. కోవళం బీచ్ ఒక్కటే చూసి తిరిగివచ్చినవారికి ఈ ఊరి కథలో సగమే తెలుస్తుంది.

నైసర్గిక స్వరూపం

ఆంధ్ర తీరంలో చాలాచోట్ల కనిపించే పొడవైన, తిన్నని ఇసుకబారు ఇక్కడ లేదు. సముద్రంలోకి చొచ్చుకువచ్చిన రాతిగుట్టలు తీరాన్ని చిన్నచిన్న ముక్కలుగా విడదీశాయి. రెండు గుట్టల మధ్య నెలవంక ఆకారంలో ఒక్కొక్క ఇసుకతిన్నె ఏర్పడింది. కోవళంలో ఏ పని ఎక్కడ జరుగుతుందో నిర్ణయించినవి ఈ గుట్టలే. అలల ఉరవడిని అవి కొంత ఆపడంతో కొన్ని వంపుల్లో ఈతకు అనువు కుదిరింది. కొన్నింట పడవ దించడానికి, వల లాగడానికి వీలు కలిగింది. గుట్టల మీది ఎత్తైన జాగాలు మొదట రాజభవనానికి, తర్వాత హోటళ్ళకు, ఒకచోట దీపస్తంభానికి దక్కాయి.

ఇసుక అంతా ఒకే రంగులో ఉండదు. లేత పసుపు ఇసుకలో నల్లని చారలు కనిపిస్తాయి. కొన్నిచోట్ల, ముఖ్యంగా అలలు తేలిక ఇసుకను కడిగేసిన తర్వాత, పాయ మొత్తం నల్లగా మెరుస్తుంది. ఇది మురికి కాదు. ఇల్మనైట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాల రేణువులు. దక్షిణ కేరళ తీరం ఈ ఖనిజాలకు ప్రసిద్ధి. శ్రీకాకుళం జిల్లా తీరంలోనూ ఇటువంటి ఇసుకలున్నాయి.

తూర్పు తీరవాసులకు కొత్తగా అనిపించే సంగతి మరొకటి ఉంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఇక్కడ సముద్రంలోకి దిగుతాడు. అందుకే కోవళం తెల్లవారుజామున దాదాపు నిర్మానుష్యంగా ఉండి, సాయంత్రం కిటకిటలాడుతుంది.

చరిత్ర

పాత చరిత్రలో కనిపించే పేరు కోవళానిది కాదు, విళింజానిది. దక్షిణ కేరళను ఏలిన ఆయ్ వంశీయులకు ఇది ముఖ్యమైన రేవు, కోట. 8వ శతాబ్దంలో పాండ్యరాజు జటిల పరాంతకుడు విళింజం కోటను గెలిచి ఆయ్ పాలకుణ్ణి ఓడించినట్టు పాండ్యుల తామ్రశాసనాలు చెబుతున్నాయి. ఆ తర్వాత ఈ రేవు కోసం పాండ్యులు, చేరులు, చోళులు పోటీపడ్డారు. ఐరోపా వర్తకుల కాలంలో పోర్చుగీసువారు ఇక్కడ చర్చి కట్టారు. 17వ శతాబ్దంలో ఇంగ్లీషువారు సరకుల కొట్టు పెట్టారు. కోవళం అప్పటికి ఈ రేవుకు ఉత్తరాన ఉన్న మత్స్యకారుల పల్లె మాత్రమే.

దాని దశ తిప్పిన కట్టడం హాల్సియన్ కాజిల్. 1924 నుంచి 1931 వరకు తిరువాన్కూరు రాజప్రతినిధిగా పాలించిన మహారాణి సేతు లక్ష్మీబాయి భర్త రామవర్మ వలియ కోయి తంపురాన్ దీన్ని 1932లో గుట్ట మీద కట్టించారు. రాజకుటుంబం, వారి అతిథులు సముద్రపు గాలికి ఇక్కడికి రావడంతో ఊరి పేరు బయటి ప్రపంచానికి తెలిసింది. స్వాతంత్ర్యానంతరం, 1960లలో భవనం ప్రభుత్వం చేతికి వచ్చింది. తర్వాత భారత పర్యాటక అభివృద్ధి సంస్థ దాని చుట్టూ పెద్ద విడిది నిర్మాణాన్ని చేపట్టింది. 1969, 1974 మధ్య రూపుదిద్దుకున్న ఆ హోటల్‌కు వాస్తుశిల్పి చార్లెస్ కొరియా. గదులను ఒకే పెద్ద భవనంగా నిలబెట్టకుండా గుట్ట వాలు వెంబడి మెట్లు మెట్లుగా దించడం, ప్రతి గదికీ సముద్రం కనిపించే ఆరుబయలు ఉంచడం ఆయన చేసిన ఏర్పాటు. తీరప్రాంతపు వాలు నేలలో కట్టడం ఎలా అన్నదానికి భారతీయ వాస్తుశాస్త్ర విద్యార్థులు నేటికీ చూపే ఉదాహరణల్లో ఇది ఒకటి.

1970లలోనే మరో రకం యాత్రికులు వచ్చారు. ఐరోపా నుంచి నేలమార్గాన భారతదేశానికి చేరిన హిప్పీలు గోవా తర్వాత కోవళాన్ని ఎంచుకున్నారు. పెద్ద హోటల్ వారి స్తోమతకు మించినది. అందువల్ల మత్స్యకారులు, కొబ్బరిరైతులు తమ ఇళ్ళలో గదులు అద్దెకిచ్చారు, పాకల్లో టీ, చేపలకూర అమ్మారు. నేడు లైట్‌హౌస్ బీచ్ వెంట వరుసగా కనిపించే భోజనశాలల మూలం అక్కడుంది. ఊరిలోని పర్యాటకం అలా రెండు పాయలుగా మొదలైంది: గుట్ట మీద ప్రభుత్వ హోటల్, ఇసుక అంచున ఇంటివాళ్ళ గదులు. 1990లలో విదేశీ బృందయాత్రలు పెరిగాక పాకల స్థానంలో రెండు, మూడు అంతస్తుల భవనాలు లేచాయి.

ప్రభుత్వ హోటల్ 2002లో ప్రైవేటు పరమైంది. దానితోపాటు హాల్సియన్ కాజిల్ కూడా వెళ్ళిందా లేదా అన్నది దీర్ఘకాలిక వివాదమైంది. భవనాన్ని వెనక్కి తీసుకోవడానికి కేరళ ప్రభుత్వం 2005లో చేసిన చట్టం న్యాయస్థానాల్లో నిలబడలేదు. 2017లో ప్రభుత్వం భవనాన్ని హోటల్ యాజమాన్యానికి అప్పగించింది, అయితే యాజమాన్య హక్కు కోసం సివిల్ దావా వేసే స్వేచ్ఛను తన వద్దే ఉంచుకుంది.

తీర విభాగాలు

దక్షిణపు కొసన ఉన్నది లైట్‌హౌస్ బీచ్. అన్నింటిలోనూ పెద్దది, రద్దీ ఎక్కువ. కురుంకల్ గుట్ట మీద ఎర్ర, తెల్ల పట్టీలతో సుమారు 35 మీటర్ల ఎత్తున నిలిచిన విళింజం దీపస్తంభం వల్ల ఆ పేరు వచ్చింది. 1972లో పనిచేయడం మొదలుపెట్టిన ఈ స్తంభం ఓడలకు దారిచూపే పనితోపాటు నిర్ణీత వేళల్లో సందర్శకులను పైకి అనుమతిస్తుంది. పైనుంచి చూస్తే నైసర్గిక స్వరూపం గురించి పైన చెప్పినదంతా కళ్ళకు కడుతుంది: ఉత్తరాన గుట్టలు, వంపులు, కొబ్బరి తలలు, దక్షిణాన విళింజం రేవు, దానికి ఆవల కొత్త ఓడరేవు క్రేన్లు. ఒక్కపూట మాత్రమే సమయమున్నవారు ముందు ఇది ఎక్కడం మేలు.

దాని పక్కనే, ఒక రాతికొన అవతల, హవా బీచ్ ఉంది. దీన్నే ఈవ్స్ బీచ్ అంటారు. చిన్న వంపు. పొద్దున వేట పడవలు, మధ్యాహ్నం నుంచి స్నానాలు. రోడ్డు ఈ తిన్నెకు దగ్గరగా వచ్చి ఆగుతుంది కాబట్టి బస్సుల్లో వచ్చే బృందాలు ముందుగా దిగేది ఇక్కడే.

హోటల్ గుట్టకు దిగువన ఉన్న తిన్నెను గ్రోవ్ బీచ్ అనీ, పాత హోటల్ పేరు మీద అశోక్ బీచ్ అనీ వ్యవహరిస్తారు. ఇంకా ఉత్తరాన సముద్ర బీచ్. ఇక్కడ ఇసుక తక్కువ, అలలు గట్టిగా తగులుతాయి, ఈతకు అంత మంచిది కాదు. వల లాగే దృశ్యం చూడాలనుకునేవారికి మాత్రం ఈ రెండు తిన్నెలే తగినవి.

చేపల వేట

కోవళంలో మిగిలిన సంప్రదాయ వేట ప్రధానంగా కరమడి. ఇది ఒడ్డున నిలబడి లాగే పెద్ద వల. ఒక తాడు కొసను ఒడ్డున ఉంచి, పడవలో వలను తీసుకెళ్ళి సముద్రంలో అర్ధవృత్తంగా పరుస్తూ వచ్చి, రెండో తాడు కొసను కొంత దూరాన ఒడ్డుకు చేరుస్తారు. ఆపై రెండు జట్లు చెరొక తాడు పట్టి లాగుతాయి. లాగుతున్నకొద్దీ జట్లు ఒకదానికొకటి దగ్గరగా జరుగుతాయి. చివరికి వల నడుమ ఉన్న సంచిలోకి చేప చేరుతుంది. లయ తప్పకుండా అరుపులు, పదాలు అందుకుంటూ లాగే ఈ పనికి చాలామంది మనుషులు, చాలాసేపు కావాలి. పట్టిన చేపను అక్కడికక్కడే వేలం వేసి, వచ్చిన సొమ్మును వల యజమాని, లాగినవారు వాటాలుగా పంచుకుంటారు. ఒడ్డుకు దగ్గరగా వచ్చే గుంపు చేపల మీదే ఇది పూర్తిగా ఆధారపడుతుంది. అంత శ్రమకూ కొన్నిసార్లు గంపెడు నెత్తళ్ళు మాత్రమే దక్కడం మామూలే. తిన్నెల మీద కుర్చీలు, గొడుగులు పెరిగినకొద్దీ వల లాగడానికి జాగా కూడా తగ్గింది.

కట్టుమరం ఇక్కడి పాత పడవ. తేలికైన దుంగలను పక్కపక్కన చేర్చి తాళ్ళతో కట్టినది. ఉత్తరాంధ్ర మత్స్యకారుల తెప్పకు ఇది దగ్గరి చుట్టం. లోపల బోలు ఉండదు గనుక నీరు నిండి మునిగే ప్రసక్తి లేదు. ఒడ్డున విరిగే అలలను దాటి వెళ్ళడానికి దాన్ని మించిన సాధనం చాలాకాలం లేకపోయింది. 1980ల నుంచి మోటార్లు, ప్లైవుడ్ పడవలు, తర్వాత ఫైబర్ పడవలు దాని స్థానాన్ని ఆక్రమించాయి.

అసలు వేట చూడాలంటే విళింజం ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళాలి. 1960లలో నిర్మాణం మొదలైన ఈ రేవు రాతి అడ్డుగోడల మధ్య ప్రశాంతంగా ఉంటుంది. అందువల్ల ఇక్కడి కాలచక్రం పర్యాటక కాలచక్రానికి తలకిందులుగా నడుస్తుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో కోవళం ఖాళీ అవుతుంది. అదే సమయంలో చుట్టుపక్కల పల్లెల్లో అలల ధాటికి పడవ దించలేని మత్స్యకారులు తమ పడవలతో విళింజానికి చేరతారు. జూన్ 9 అర్ధరాత్రి నుంచి జూలై 31 వరకు కేరళలో 52 రోజుల పాటు ట్రాలింగ్ నిషేధం అమల్లో ఉంటుంది. అది మరపడవల ట్రాలర్లకే గాని సంప్రదాయ పడవలకు వర్తించదు. కాబట్టి విళింజం వేలంపాటల సందడి వర్షాకాలంలోనే పతాకస్థాయికి చేరుతుంది. కవ్వలు, కానాగంతలు, నెత్తళ్ళు, సావళ్ళు, వంజరం, సూర, స్క్విడ్ ఇక్కడి రాబడిలో ముఖ్యమైనవి. రేవుకు ఒక పక్క క్రైస్తవ మత్స్యకారుల చర్చి, మరోపక్క ముస్లిం మత్స్యకారుల మసీదు ఎదురెదురుగా కనిపిస్తాయి. రెండు సమాజాలూ ఈ నీటిమీదే బతుకుతున్నాయి.

ఈ తీరపు గాలపు వేటగాళ్ళ దిక్కుతెలివి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. సముద్రగర్భంలో చేపలు గుమికూడే రాతిదిబ్బలను వారు పారు అంటారు. నడిసముద్రంలో వాటి చోటు గుర్తించడానికి ఒడ్డున కనిపించే కొండశిఖరం, చర్చి గోపురం, ఎత్తైన చెట్టు వంటి గుర్తులను ఒకదాని వెనుక ఒకటి వరుసలో వచ్చేలా సరిచూసుకుంటారు. అటువంటి రెండు వరుసలు కలిసిన చోట పారు ఉంటుంది. ఈ పద్ధతిని కణిచ్చం అంటారు. జీపీఎస్ వచ్చాక యువతరంలో దీని వాడకం తగ్గింది.

రాళ్ళకు అంటుకుని పెరిగే ఆలుచిప్పలను నీట మునిగి ఏరడం మరొక జీవనోపాధి. ఈ తీరంలో దొరికేది గోధుమరంగు జాతి. స్థానికంగా చిప్పి అని పిలిచే దీన్ని కొబ్బరి, మిరియాలతో వేయించి వడ్డిస్తారు.

2017 నవంబరు 30న వచ్చిన ఓఖీ తుపాను ఈ తీరంలో అనేకమంది మత్స్యకారులను బలిగొంది. అప్పటికే లోతట్టు సముద్రంలోకి వెళ్ళిపోయిన పడవలకు హెచ్చరిక సకాలంలో చేరకపోవడంపై తీవ్ర విమర్శలు వచ్చాయి. మరుసటి ఏడాది, 2018 ఆగస్టులో కేరళను వరదలు ముంచెత్తినప్పుడు, తిరువనంతపురం తీరపు మత్స్యకారులు పడవలను లారీలకెక్కించి మధ్య కేరళకు వెళ్ళి జనాన్ని కాపాడారు.

చుట్టుపక్కల చూడదగినవి

విళింజం గుహాలయం: 8వ శతాబ్దపు రాతి తొలుపు, పురావస్తు శాఖ రక్షణలో ఉంది. గుండుశిలను తొలిచిన చిన్న గదిలో వీణాధర దక్షిణామూర్తి, బయటి గోడలపై ఒకవైపు త్రిపురాంతకుడు, మరోవైపు పార్వతితో నర్తిస్తున్న శివుడు అసంపూర్తిగా మిగిలిపోయారు. ఉండవల్లి, మహాబలిపురం గుహలను మనసులో పెట్టుకుని వెళ్ళేవారికి దీని పరిమాణం ఆశ్చర్యం కలిగిస్తుంది, ఇద్దరు ముగ్గురికి మించి లోపల నిలవలేరు. ఉలి ఎక్కడ ఆగిందో కనిపించడమే దీని విలువ.

సముద్ర జీవుల ప్రదర్శనశాల: విళింజంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాఖకు అనుబంధమైనది. పగడపు దిబ్బల చేపలు, ముత్యపుచిప్పలు చూడవచ్చు. ఇదే ఊరి అడ్డుగోడపై 1991లో మద్రాసు ఐఐటీ ఆధ్వర్యంలో అలల నుంచి విద్యుత్తు తీసే 150 కిలోవాట్ల ప్రయోగ కేంద్రం పనిచేయడం మొదలుపెట్టింది. ఇప్పుడది నడవడం లేదు.

ఆళిమల శివాలయం: విళింజానికి దక్షిణాన, సముద్రపు రాళ్ళ అంచున 58 అడుగుల గంగాధరేశ్వర విగ్రహంతో ఇటీవలి సంవత్సరాల్లో ప్రసిద్ధికెక్కింది.

తిరువల్లం పరశురామాలయం: నగరం నుంచి కోవళం వచ్చే దారిలో, కరమన నది ఒడ్డున ఉంది. కర్కాటక మాసపు అమావాస్యనాడు పితృతర్పణాలకు వేలాదిగా జనం చేరతారు.

వెల్లాయణి సరస్సు: మంచినీటి సరస్సు, తామరల సాగుకు పేరు. పక్షులను చూసేవారు ఉదయం వెళ్తారు.

వెల్లార్ శిల్పగ్రామం: చేనేత, కొయ్యచెక్కడం, కుమ్మరి పని వంటి కేరళ వృత్తికళలను పనివారు చేస్తుండగా చూసి కొనుక్కునే వీలున్న ప్రాంగణం.

పూవార్: దక్షిణాన నెయ్యార్ నది సముద్రంలో కలిసే చోటు. మడ చెట్ల నడుమ పడవ విహారం.

ఈత, అలలు, భద్రత

పైకి నెమ్మదిగా కనిపించినా కోవళం సముద్రం మోసకారి. రాతికొనల పక్కన, అలలు విరగని నున్నని నీటిపాయలుగా కనిపించే చోట్ల, ఒడ్డుకు కొట్టిన నీరు తిరిగి లోతుకు వేగంగా లాగుకుపోతుంది. ఈత రానివారు ప్రశాంతంగా ఉందని ఆ చోటే ఎంచుకోవడం ప్రమాదాలకు కారణమవుతుంది. అటువంటి ప్రవాహంలో చిక్కినవారు ఒడ్డుకు ఎదురీదకుండా, తీరానికి సమాంతరంగా ఈది ప్రవాహం దాటాలి. ప్రధాన తిన్నెల వద్ద పర్యాటక శాఖ లైఫ్‌గార్డులు ఉంటారు. ఎర్రజెండా ఉన్నచోట దిగకూడదు. రుతుపవనాల కాలంలో అసలు నీటిలో దిగకపోవడం ఉత్తమం. అలల మీద పలకతో జారే సర్ఫింగ్ 2000ల దశకం నుంచి ఇక్కడ నేర్పుతున్నారు. స్థానిక మత్స్యకార కుటుంబాల పిల్లలు అందులో రాణించారు.

ఆహారం, ఆయుర్వేదం

లైట్‌హౌస్ బీచ్ నడకదారి వెంట సాయంత్రం కాగానే భోజనశాలల ముందు బల్లల మీద ఆనాటి చేపలను పరుస్తారు. గిరాకీదారు చేపను ఎంచుకుంటే తూచి, కోరిన తీరున వండి పెడతారు. ధర బరువును బట్టి ఉంటుంది గనుక వంటకు పంపేముందే మాట్లాడుకోవడం మంచిది. ఊరివాళ్ళ భోజనం వేరు: ఉడికించిన కర్రపెండలం, పక్కన కుడంపుళి పులుపుతో ఎర్రని చేపలకూర. కుడంపుళి మన చింతపండు కాదు. ఎండబెట్టి పొగబట్టించిన మరో పండు తొక్క, రుచిలో పులుపుతోపాటు పొగ వాసన తగులుతుంది. గోదావరి పులుసుకు అలవాటుపడ్డ నాలుకకు మొదటిసారి వింతగానే ఉంటుంది.

ఆయుర్వేద చికిత్సలు ఇక్కడి పర్యాటక రాబడిలో పెద్ద భాగం. కోవళం నుంచి దక్షిణాన చొవ్వర వరకు చికిత్సా విడుదులు విస్తరించాయి. గంటసేపటి తైలమర్దనం నుంచి వారాల తరబడి సాగే పంచకర్మ దాకా ఉంటాయి. వీటన్నింటి ప్రమాణం ఒకటి కాదు. కేరళ ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రాన్ని, అర్హుడైన వైద్యుణ్ణి చూసుకోవాలి.

కాలం, ప్రయాణం

డిసెంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. నైరుతి వర్షాలు జూన్ నుంచి, ఈశాన్య వర్షాలు అక్టోబరు, నవంబరులలో పడతాయి. తిరువనంతపురం విమానాశ్రయం, రైల్వే స్టేషన్ రెండూ గంటలోపు దూరంలో ఉన్నాయి. నగరంలోని ఈస్ట్ ఫోర్ట్ నుంచి, అంటే పద్మనాభస్వామి ఆలయం ముంగిటి నుంచే, కోవళానికి ఆర్టీసీ బస్సులు బయల్దేరతాయి. తెలుగు యాత్రికుల్లో చాలామంది సికింద్రాబాదు నుంచి శబరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తారు. శబరిమల దర్శనం, అనంతపద్మనాభుని సేవ, కన్యాకుమారి చూసే దారిలో కోవళానికి ఒక సాయంత్రం కేటాయిస్తారు. మండల దీక్షాకాలం, పర్యాటక కాలం కలిసిరావడంతో ఆ నెలల్లో గదుల ధరలు పెరుగుతాయి.

ఓడరేవు, తీరపు కోత

విళింజం వద్ద తీరానికి అతి సమీపంలోనే సముద్రం సహజంగా 18 మీటర్లకు పైగా లోతు ఉండటం, అంతర్జాతీయ ఓడల దారి సుమారు 10 నాటికల్ మైళ్ళ దూరంలోనే సాగడం వల్ల అక్కడ పెద్ద కంటైనర్ రేవు కట్టాలన్న ఆలోచన చాలాకాలంగా ఉంది. నిర్మాణం 2015 డిసెంబరులో మొదలైంది. 2024 జూలైలో శాన్ ఫెర్నాండో అనే మొదటి పెద్ద కంటైనర్ నౌక వచ్చింది. 2025 మే 2న ప్రధానమంత్రి రేవును జాతికి అంకితం చేశారు.

రేవు అడ్డుగోడ వల్ల ఇసుక కదలిక మారి, ఉత్తరాన ఉన్న పల్లెల్లో తీరం కోసుకుపోయి ఇళ్ళు పోతున్నాయంటూ 2022లో లాటిన్ కాథలిక్ మతపెద్దల నాయకత్వంలో మత్స్యకారులు నెలల తరబడి ఉద్యమించారు. కోతకు తుపాన్లు, పెరిగిన సముద్ర ఉధృతి, ఇతర కట్టడాలు కారణమని ప్రభుత్వం, రేవు నిర్వాహకులు వాదించారు. రుతుపవనాల్లో ఇసుక కొట్టుకుపోయి వేసవికి తిరిగి చేరడం కోవళం తిన్నెలకు సహజ లక్షణం. అందువల్ల ఒక్క ఏడాది కొలతలతో కారణాన్ని తేల్చడం కష్టం. లైట్‌హౌస్ బీచ్ నడకదారి మాత్రం అలల దెబ్బకు పలుమార్లు కుంగింది, పలుమార్లు మరమ్మతు జరిగింది.

ఇదే పేరున్న మరో ఊరు

తమిళనాడులో చెన్నైకి దక్షిణంగా తూర్పు తీర రహదారి మీద మరో కోవళం ఉంది. అదీ మత్స్యకార గ్రామమే, సర్ఫింగ్‌కు ప్రసిద్ధి. అక్కడి కోటను 1752లో రాబర్ట్ క్లైవ్ పట్టుకున్నాడు. బీచ్‌ల పరిశుభ్రతకు, నిర్వహణకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపును 2021లో పొందిన కోవళం బీచ్ ఈ తమిళనాడు ఊరిది. విశాఖ రుషికొండకు (చూ. రుషికొండ) ఆ గుర్తింపు అంతకు ముందు ఏడాది, 2020లో వచ్చింది. ప్రయాణ ప్రకటనలు ఈ గుర్తింపును కేరళ కోవళానికి అంటగట్టడం తరచు జరిగే పొరపాటు. గది బుక్ చేసుకునేముందు జిల్లా పేరు కూడా చూసుకోవాలి.